రఫీ ఉండాలి, ఘంటసాల ఉండాలి: పాత పాటల ఆర్కెస్ట్రాలకు మళ్లీ గిరాకీ, మరి వాయించేవాళ్ల సంగతి?

నంద్యాలలో గానీ ఆళ్లగడ్డలో గానీ ముస్లింల ఇంట పెళ్లి కుదిరి, వలీమాకు ఫంక్షన్ హాలు మాట్లాడేశాక, ఇంట్లో ఒక చర్చ తప్పకుండా వస్తుంది. ఆర్కెస్ట్రా పెట్టిద్దామా, వద్దా? వద్దనే ఇళ్లు చాలానే ఉన్నాయి. పాటలు, వాయిద్యాల మీద ఉలేమాల మధ్య ఉన్న అభిప్రాయ భేదాలు అందరికీ తెలిసినవే. కొందరు దఫ్ వరకే ఒప్పుకుంటారు, కొందరు అదీ వద్దంటారు. అది ఆ ఇంటి పెద్దల నిర్ణయం. పెట్టిద్దాం అనుకున్న ఇళ్లలో మాత్రం వెంటనే రెండో మాట వస్తుంది: ‘పాత పాటలు పాడేవాళ్లనే పిలవండి.’

స్టేజీ మీదికి వచ్చే పాటల చీటీ చూస్తే విషయం అర్థమవుతుంది. దాదీజాన్‌కు రఫీ కావాలి. నాన్నతో కలిసి పనిచేసే రెడ్డిగారికి ఘంటసాల కావాలి. మామూజాన్‌కు తన కాలేజీ రోజుల బాలు పాట కావాలి. ఒకే రాత్రి, ఒకే గాయకుడు ఈ ముగ్గురినీ సంతోషపెట్టాలి. తెలుగు ముస్లిం ఇళ్లల్లో పాటల జ్ఞాపకం రెండు భాషల్లో ఉంటుంది కాబట్టి, ఇక్కడి ఆర్కెస్ట్రా వాళ్లకు పరీక్ష కూడా రెండు భాషల్లోనే.

ఇలా ఒక గొప్ప గాయకుడి పాటలనో, ఒక బృందం పాటలనో మళ్లీ అచ్చం అలాగే పాడి వినిపించే బృందాలను బయటి దేశాల్లో ‘ట్రిబ్యూట్ బ్యాండ్’ అంటారు. బీటిల్స్ పాటలు పాడే ‘బూట్‌లెగ్ బీటిల్స్’ ఇంగ్లండ్‌లో 1980లో మొదలైంది. స్వీడన్ బృందం ‘ఆబా’ 1982లో ఆగిపోతే, వాళ్లలాగే బట్టలు వేసుకుని వాళ్ల పాటలే పాడే ‘బ్యోర్న్ అగెయిన్’ 1988లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పుట్టింది. అసలు బృందం లేకపోయినా పాటకు గిరాకీ పోలేదని దాని అర్థం.

మన దగ్గర ఆ పేరు వాడరు గానీ పని మాత్రం ఎప్పటినుంచో ఉంది. ‘పాటకచ్చేరి’ అన్నా, ‘ఆర్కెస్ట్రా’ అన్నా, ‘మ్యూజికల్ నైట్’ అన్నా అదే. సినిమా పాటలే మన పాప్ పాటలు. వాటిని ఊరూరా తిరిగి వినిపించిన ట్రూపుల నుంచే పెద్ద పెద్ద వాళ్లు బయటికి వచ్చారు.

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం సంగతే చూడండి. ఇంజనీరింగ్ చదవడానికి మొదట మన రాయలసీమకే, అనంతపురం వచ్చారు. టైఫాయిడ్ వచ్చి ఆ చదువు ఆగింది. తర్వాత మద్రాసు చేరి, చదువుకుంటూనే పాటల పోటీలకు వెళ్లారు. 1966లో ఎస్పీ కోదండపాణి ఆయనతో మొదటి సినిమా పాట పాడించారు. ఆ రోజుల్లో బాలుకు సొంతంగా ఒక లైట్ మ్యూజిక్ ట్రూపు ఉండేది. అందులో గిటార్, హార్మోనియం వాయించిన కుర్రాడే తర్వాత ఇళయరాజా. అప్పటికి ఆ పేరు కూడా లేదు. ఆయన అన్న భాస్కర్, తమ్ముడు గంగై అమరన్ కూడా అదే ట్రూపులో ఉన్నారు. వేరే వాళ్ల పాటలు స్టేజీల మీద వాయిస్తూ, పాడుతూ చేయి తిప్పుకున్నవాళ్లే తర్వాత వేల పాటలు ఇచ్చారు. తనకు ఎంతో ఇష్టమైన గాయకుడు మహమ్మద్ రఫీ అని బాలు ఎన్నోసార్లు చెప్పుకున్నారు.

ఉత్తరాదిలో ఈ కథ ఇంకా స్పష్టంగా కనపడుతుంది. రఫీ 1980 జులై 31న చనిపోయారు. ఆ తర్వాత కొన్నేళ్లు హిందీ సినిమా రఫీ లాంటి గొంతు కోసం వెతికింది. బరోడా నుంచి వచ్చిన షబ్బీర్ కుమార్ స్టేజీ మీద రఫీ పాటలు పాడి పేరు తెచ్చుకున్నవాడే. 1983లో ‘కూలీ’, ‘బేతాబ్’ సినిమాలతో దేశమంతా తెలిసిపోయాడు. కలకత్తా నుంచి వచ్చిన మహమ్మద్ అజీజ్ 1985లో ‘మర్ద్’తో నిలదొక్కుకున్నాడు. సోనూ నిగమ్ తొలి రోజుల్లో పాడిన క్యాసెట్లు ‘రఫీ కీ యాదేఁ’. మన తెలుగులో సత్తెనపల్లికి చెందిన నాగూర్ బాబు ఉన్నారు. సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర సహాయకుడిగా పనిచేసిన ఆయనకు ‘మనో’ అని పేరు పెట్టింది ఇళయరాజా. ఆయన గొంతులో బాలు ఛాయ ఉందని మొదట్లో జనం అనుకునేవాళ్లు. పోలిక తలుపు తెరుస్తుంది, నిజమే. కానీ లోపలికి వెళ్లాక ఆ పోలికే బరువవుతుంది. షబ్బీర్ కుమార్‌ను, అజీజ్‌ను ఎంత బాగా పాడినా జీవితాంతం రఫీతోనే పోల్చారు.

మరి ఇప్పుడు గిరాకీ ఎందుకు పెరిగింది? ఒక కారణం తేదీల్లోనే ఉంది. 2020 సెప్టెంబర్ 25న బాలు పోయారు. 2022 డిసెంబర్ 4కు ఘంటసాల పుట్టి వందేళ్లు. 2024 డిసెంబర్ 24కు రఫీ పుట్టి వందేళ్లు. నాలుగైదేళ్ల వ్యవధిలో ముగ్గురి పేర్లూ మళ్లీ జనం నోట్లోకి వచ్చాయి. సంస్మరణ సభలు, శతజయంతి కచేరీలు అన్నిచోట్లా జరిగాయి. అంతకుముందు నుంచే ఈటీవీలో ‘పాడుతా తీయగా’ ఉంది. 1996లో మొదలైన ఆ కార్యక్రమం పదేళ్ల పిల్లల చేత కూడా తాతల కాలం పాటలు పాడించింది. ఇక యూట్యూబ్ వచ్చాక, పాత పాట వినాలంటే రేడియోలో వచ్చేదాకా ఆగాల్సిన పనే లేదు.

మన పాఠకులకు ఇందులో ఒక ముచ్చట ఉంది. రఫీని, తెలుగును వేరు వేరుగా చూడాల్సిన పని లేదు. 1964లో నాగయ్య తీసిన ‘భక్త రామదాసు’లో గుమ్మడి వేసిన కబీర్ పాత్రకు పాడింది రఫీయే. 1969లో ‘భలే తమ్ముడు’, 1976లో ‘ఆరాధన’ సినిమాల్లో ఎన్టీఆర్‌కు పాడారు. 1979లో ‘అక్బర్ సలీం అనార్కలి’లో సలీం వేషం వేసిన బాలకృష్ణకూ పాడారు. తలత్ మహమూద్ కూడా 1959 నాటి ‘మనోరమ’లో రమేష్ నాయుడు సంగీతంలో తెలుగు పాట పాడారు. స్టేజీ మీద తెలివైన గాయకుడు ఇక్కడే మార్కులు కొట్టేస్తాడు. రఫీ తెలుగు పాట ఒకటి ఎత్తుకుంటే దాదీజాన్, రెడ్డిగారు ఇద్దరూ ఒకేసారి తల ఊపుతారు.

అయితే పాడటం అంత సులువేం కాదు. ముందు శ్రుతి సమస్య. రఫీ పై స్థాయిలో ఎంత హాయిగా తిరుగుతారో వినేటప్పుడు తెలియదు, పాడబోతేనే తెలుస్తుంది. మామూలు గొంతుకు అసలు శ్రుతి అందదు. కీబోర్డు అతను ఒక మెట్టో, మెట్టున్నరో దించుతాడు. దించితే చరణంలో కింది స్వరాలు మరీ కిందికి పోయి మైకులో వినపడవు. ఎక్కడ ఆపాలో ఆ గాయకుడికీ, ఆ కీబోర్డు అతనికీ మాత్రమే తెలిసిన లెక్క అది. ఘంటసాలది ఇంకో రకం కష్టం. పద్యం ఎత్తుకుంటే ఊపిరి కావాలి, అక్షరం అక్షరం విడిగా మోగాలి.

రెండోది తలఫ్ఫుజ్, అంటే ఉచ్చారణ. తెలుగు మీడియంలో చదివిన గాయకుడు హిందీ పాటను నోటుబుక్కులో తెలుగు లిపిలోనే రాసుకుంటాడు. ‘జమానా’లో జ, ‘జవాబ్’లో జ తెలుగులో ఒకటే. ఉర్దూలో మొదటిది జే, రెండోది జీమ్. ‘ఖుష్బూ’లో ఖ గొంతు లోపలి నుంచి రావాలి, ‘ఖానా’లో ఖ అలా కాదు. ‘గజల్’ అన్న మాటనే మన లిపి సరిగ్గా మోయలేదు. ఉర్దూ చదువుకున్న పెద్దమనిషి ఎవరైనా ముందు వరసలో ఉంటే, మొదటి పల్లవికే దొరికిపోతాడు. ఇది ఒకవైపే కాదు లెండి. ఉర్దూ ఇంట్లో పెరిగిన గాయకుడు తెలుగు పాటలో ళ, ణ పలికేటప్పుడు రెడ్డిగారు నవ్వుకుంటారు. రఫీ తెలుగులోనూ హిందీ యాస వినపడుతుంది, జనం దాన్ని ముద్దుగానే తీసుకున్నారు. రఫీకి దొరికిన మాఫీ ఊరి గాయకుడికి దొరకదు.

ఇంత కష్టపడినా ‘ఏముంది, కాపీయే గదా’ అనేవాళ్లు ఉంటారు. ఆళ్లగడ్డలో ఆ మాట అనడం మాత్రం కాస్త విడ్డూరం. ఆ ఊరికి పేరు తెచ్చింది రాతి శిల్పం. అక్కడి శిల్పి చెక్కే నంది ఆయన కనిపెట్టింది కాదు. కొలతలు, రూపం పూర్వం నుంచి వచ్చినవే. నూరు నందులు చెక్కినా ఎవరూ దాన్ని నకలు అనరు, చేతి పనితనం చూసే ధర కడతారు. పాత పాటకూ ఆ లెక్కే వర్తిస్తుంది.

ఇక అసలు సంగతి. పాత పాటలకు గిరాకీ పెరిగింది గానీ, వాటిని వాయించేవాళ్లకు పెరగలేదు. 1950ల, 60ల పాటల్లో అందం సగం వాయిద్యాలదే: మాండలిన్, అకార్డియన్, క్లారినెట్, ఫ్లూటు, డోలక్, బాంగోలు. ఒకప్పుడు ట్రూపు అంటే ఇందులో సగమైనా ఉండేవి. తర్వాత కీబోర్డు వచ్చి నాలుగు వాయిద్యాల పని ఒక్కటే చేసింది. 1985లో రోలాండ్ కంపెనీ ఆక్టోప్యాడ్ తెచ్చాక డోలక్, తబలా, డ్రమ్స్ అన్నీ ఒకే పలక మీదికి వచ్చాయి. అప్పటికీ వాయించే మనిషి మిగిలాడు. కరావోకే వచ్చాక ఆ మనిషి కూడా అక్కర్లేదు అనిపించింది.

కరావోకే యంత్రాన్ని 1971లో జపాన్‌లోని కోబేలో దైసుకే ఇనౌయే అనే వాయిద్యకారుడు తయారు చేశాడు. దానికి పేటెంట్ కూడా తీసుకోలేదు. పాటలోంచి గొంతు తీసేసిన ట్రాకు మీద ఎవరైనా పాడుకోవచ్చు. ఇప్పుడు ఒక ల్యాప్‌టాప్, రెండు స్పీకర్లు, ఒక గాయకుడు, ఒక గాయని వస్తే ‘ఆర్కెస్ట్రా’ అయిపోతోంది. ఆరుగురికి ఇవ్వాల్సిన డబ్బు ఇద్దరికిస్తే సరిపోతుంది. అప్పు చేసి పెళ్లి చేస్తున్న తండ్రిని తప్పు పట్టడానికి లేదు.

తేడా మాత్రం స్టేజీ మీద తెలుస్తుంది. ట్రాకు ఎవరి కోసమూ ఆగదు. గాయకుడు ఊపిరి తీసుకుంటే వాయించేవాడు అర క్షణం ఆగుతాడు. జనం చప్పట్లు కొడితే పల్లవి ఇంకోసారి తిప్పుతాడు. పెళ్లికొడుకు తరఫు చిన్నాన్న ఎవరో మైకు తీసుకుని తప్పు శ్రుతిలో మొదలుపెడితే, కీబోర్డు అతను రెండు స్వరాలు వెతికి ఆయన శ్రుతి పట్టుకుని పరువు కాపాడతాడు. ట్రాకుకు ఈ మర్యాద తెలియదు.

ఈ నష్టం ఎవరిది అంటే, చాలావరకు మన ఇళ్లదే. వాయిద్యం తెలుగు ముస్లింలకు కొత్త కాదు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా నాదస్వరంతో 1977లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. పెళ్లి ఊరేగింపుల ముందు నడిచే బ్యాండు మేళాల్లోనూ ముస్లింలు తరతరాలుగా ఉన్నారు. గ్రెగరీ బూత్ అనే పరిశోధకుడు దేశమంతా తిరిగి ఈ పెళ్లి బ్యాండ్ల మీద ‘బ్రాస్ బాజా’ అని 2005లో ఒక పుస్తకమే రాశాడు. బ్యాండులో క్లారినెట్ వాయించే మనిషి గాయకుడి గొంతును తన ఊపిరితో వినిపిస్తాడు. ఆ రకంగా చూస్తే మన ఊళ్లలో మొదటి ట్రిబ్యూట్ బ్యాండు బరాత్ ముందు నడిచిన మేళమే. డీజే బండి వచ్చాక ఆ పనీ పలచబడింది. తండ్రి వాయించిన క్లారినెట్ కొడుకు ముట్టుకోకపోవడానికి కారణం ఇష్టం లేక కాదు, దాంతో ఇల్లు గడవదని.

కళాకారులను, పెళ్లివాళ్లను ఇద్దరినీ భయపెడుతున్న ఇంకో విషయం కాపీరైట్. దీని మీద ఎవరికి తోచింది వాళ్లు చెబుతుంటారు కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

2017 మార్చిలో బాలు తన యాభై ఏళ్ల సంగీత ప్రస్థానం సందర్భంగా అమెరికాలో కచేరీలు చేస్తున్నారు. ఇళయరాజా తరఫున లాయర్ నోటీసు వచ్చింది, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని. చిత్రకూ, బాలు కొడుకు చరణ్‌కూ అలాగే వచ్చింది. ఆ పాటలు మొదట పాడింది తానే అయినా, ఇక ఆ కచేరీల్లో ఇళయరాజా పాటలు పాడబోమని బాలు ఫేస్‌బుక్‌లో చెప్పేశారు. ఒకే ట్రూపులో మొదలైన ఇద్దరు స్నేహితుల మధ్య అది జరగడం అభిమానులను బాధపెట్టింది. 2019లో మళ్లీ ఒకే వేదిక ఎక్కారు, అది వేరే సంగతి. కానీ ఆ గొడవతో ఒక విషయం అందరికీ తెలిసింది: పాట మీద హక్కు పాడిన గొంతుది కాదు. రాసినవాళ్లది, బాణీ కట్టినవాళ్లది, లేదా వాళ్ల దగ్గర నుంచి హక్కులు పొందిన నిర్మాతది, కంపెనీది.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు చనిపోయిన తర్వాత కూడా 60 ఏళ్లు హక్కు నడుస్తుంది. మొదట ఇది 50 ఏళ్లే. 1941లో చనిపోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల గడువు ముగిసే సమయానికి దాన్ని 60కి పెంచారు. రికార్డింగుకు వేరే లెక్క, విడుదలైన తర్వాత 60 ఏళ్లు. ‘మాయాబజార్’ 1957లో వచ్చింది కాబట్టి ఆ రికార్డింగు గడువు 2017తో తీరింది. కానీ పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో చనిపోయారు, ఆయన సాహిత్యం మీద హక్కు 2031 చివరిదాకా ఉంటుంది. ఘంటసాల 1974లో పోయారు, ఆయన కట్టిన బాణీలకు 2034 దాకా. ‘పాత పాటే గదా, ఎవరిదీ కాదులే’ అనుకోవడం పొరపాటు.

పెళ్లివాళ్లకు మాత్రం ఊరట ఉంది. అదే చట్టంలోని సెక్షన్ 52లో మతపరమైన వేడుకల్లో పాటలు పాడటం, వాయించడం, వినిపించడం ఉల్లంఘన కాదని ఉంది. అందులో పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర వేడుకలు కూడా వస్తాయని వివరణ కూడా ఇచ్చారు. అయినా హోటళ్ల దగ్గర, హాళ్ల దగ్గర డబ్బులు అడుగుతున్నారన్న ఫిర్యాదులు రావడంతో కేంద్ర ప్రభుత్వ శాఖ 2023 జులై 24న ఒక నోటీసు ఇచ్చింది. పెళ్లి వేడుకలకు రాయల్టీ అడగడం ఆ సెక్షన్‌కు విరుద్ధమని అందులో చెప్పింది. ఎవరైనా పెళ్లి హాలుకు వచ్చి లైసెన్సు చూపించమంటే ఈ నోటీసు ఫోనులో పెట్టుకుని చూపించొచ్చు.

టికెట్టు పెట్టి చేసే ‘రఫీ నైట్’కు ఈ మినహాయింపు లేదు. సాహిత్యం, సంగీతం హక్కుల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థ ఐపీఆర్ఎస్, 1969 నుంచి ఉంది. కార్యక్రమానికి ముందే వాళ్ల దగ్గర లైసెన్సు తీసుకోవాలి, అనుకున్న పాటలు వాళ్ల పరిధిలో ఉన్నాయా లేదా చూసుకోవాలి. టికెట్టు లేకుండా ఔత్సాహిక బృందం ఉచితంగా పాడితే, లేదా మత సంస్థ సహాయం కోసం చేస్తే, సెక్షన్ 52లోనే ఇంకో మినహాయింపు ఉంది. డబ్బు తీసుకుని పాడే ట్రూపులు దాన్ని నమ్ముకోవడం మంచిది కాదు. వలీమాలో పాడిన పాటను వీడియో తీసి యూట్యూబులో పెడితే అది మళ్లీ వేరే సంగతి. హాల్లో పాడటానికి ఉన్న రక్షణ అక్కడికి రాదు. వీడియో మీద క్లెయిమ్ పడితే పెళ్లి వాళ్లు కంగారు పడి గాయకుడి మీద అరుస్తారు, పాపం అతని తప్పేమీ ఉండదు.

సమయం విషయంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు కచ్చితంగా ఉన్నాయి. లౌడ్‌స్పీకరుకు ముందుగా రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట వాడకూడదు. తలుపులు మూసిన హాల్లో లోపలివాళ్లకే వినపడేలా అయితే వేరు. పండుగలు, సాంస్కృతిక కార్యక్రమాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. మన పెళ్లిళ్లలో భోజనాల వరసలు అయ్యేసరికే తొమ్మిదిన్నర దాటుతుంది. ఆర్కెస్ట్రాను మగ్రిబ్ నమాజు అయిన కాసేపటికి మొదలుపెట్టి, ఇషా అజాన్‌కు ఆపి, మళ్లీ అందుకుంటే పది లోపు ముగించొచ్చు. చాలామంది పదికి మొదలుపెట్టి పోలీసులు వచ్చాక ఆపుతారు.

ట్రూపు మాట్లాడేటప్పుడు పెళ్లివాళ్లు ఎంత మంది వస్తారని అడుగుతారు గానీ, ఎంత మంది వాయిస్తారని అడగరు. ‘ఫుల్ ఆర్కెస్ట్రా’ అని చెప్పి ల్యాప్‌టాప్‌తో వచ్చిన సందర్భాల్లో గొడవ అక్కడే మొదలవుతుంది. వాయిద్యాలు ఏవి, వాయించేవాళ్లు ఎంత మంది, ఏ పాటలు ట్రాకు మీద, ఏవి లైవ్‌గా అన్నది అడ్వాన్సు ఇచ్చేటప్పుడే కాగితం మీద రాసుకుంటే ఇద్దరికీ మంచిది. డబ్బు సరిపోకపోతే అన్నీ అక్కర్లేదు. ఒక కీబోర్డు, ఒక డోలక్ లేదా ఆక్టోప్యాడ్ మనిషి ఉంటే ట్రాకు లేకుండా గడిచిపోతుంది. నంద్యాల, ఆళ్లగడ్డల మధ్య సుమారు 40 కిలోమీటర్ల దూరం, అదే హైవే. రెండు ఊళ్ల వాయిద్యగాళ్లు ఒకరి ట్రూపులోకి ఒకరు సులువుగా రాగలరు, దారి ఖర్చు, భోజనం ఎవరిదో ముందే తేల్చుకుంటే చాలు.